విమానం దాటేదాకా

ముందు తాడు వణుకుతుంది.

చప్పుడు ఇంకా రాదు. ఆకాశంలో ఇంకా ఏమీ ఉండదు. మేడ మీద, పిట్టగోడకు కాస్త పైన, ఆకుపచ్చ నైలాన్ తాడు ఒళ్లు జలదరించినట్టు ఒక్కసారి కదులుతుంది. తాడు మీద ఒకే ఒక క్లిప్పు. నీలం రంగుది. ఎండకు వెలిసి ఒక పక్క తెల్లబడింది.

అది వణుకుతుంది.

తర్వాత నా షాపు తలుపు అద్దం. తర్వాత బల్ల మీది స్క్రూలు. తర్వాత నా పళ్లు.

అప్పుడు వస్తుంది — విమానం.

నా వెనక నుంచి వస్తుంది. షాపు కప్పు మీంచి, వీధి మీంచి, ఎదురుగా ఉన్న మా ఇంటి మీంచి... ఇళ్ల వెనకాల గోడ దాటి, రన్‌వే మీదికి దిగిపోతుంది. దాని నీడ మాత్రం ఎవరినీ అడగకుండా అందరి మీదా కాళ్లు పెట్టుకుంటూ పోతుంది.

అప్పుడు మా వీధిలో అందరూ ఆగిపోతారు.

ఎక్కడి మాట అక్కడే. బేరమాడే ఆవిడ చెయ్యి చాపి ఆగుతుంది. పోట్లాడుకునేవాళ్లు వేలు చూపించుకుంటూ, కళ్లెర్ర చేసుకుని, బొమ్మల్లా ఆగుతారు. ఫోన్లో బతిమాలేవాడు బతిమాలే మొహంతోనే ఆగుతాడు. విమానం దాటుతుంది. ఆగిన మాట దగ్గరి నుంచే మళ్లీ మొదలు. ఒక్క అక్షరం జారదు. తిట్టు సగంలో ఆగితే మిగతా సగం అంతే వేడిగా వస్తుంది.

ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అరిచి అరిచి గొంతులు పోయాక వచ్చిన పద్ధతి ఇది. వేరే వీధుల వాళ్లకు రాదు. వాళ్లు విమానం కింద కూడా మాట్లాడుతూనే ఉంటారు — చేపల్లా, నోళ్లు ఆడిస్తూ.

నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను. కాలిపోయిన రాగి తీగ విప్పేసి కొత్త తీగ చుడతాను. వార్నిష్ వాసన నా చేతులకు పట్టుకుని ఉంటుంది. సబ్బుకు పోదు. షాపు వీధికి ఈ పక్క, ఇల్లు ఆ పక్క. స్టూలు మీద కూర్చుని తలెత్తితే మేడ. మేడ మీద తాడు. తాడు మీద క్లిప్పు.

ఆ క్లిప్పు నా భార్య పెట్టింది.

ఆమె లేదు. పోయిన ఎండాకాలం పోయింది.

మేడ తలుపుకు తాళం వేశాను. ఎందుకు వేశానంటే... ఏమో.

ఆ రోజు సాయంత్రం మేమిద్దరం మేడ మీద దుప్పట్లు మడతపెడుతున్నాం. ఒక కొస ఆమె చేతిలో, ఒక కొస నా చేతిలో. ఆమె పళ్ల మధ్య క్లిప్పు. గాలిని చూడాలంటే ఆమె దుప్పటిని చూసేది. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. అది నాకు చెప్పింది కూడా ఆమే, దుప్పట్లు ఆరేసి ఆరేసి కనిపెట్టింది. దుప్పటి షాపు వైపు ఎగిరితే ఇవాళ మన నెత్తి మీంచే. ఇంటి వెనక్కి ఎగిరితే ఇవాళ హాయి, దిగేవన్నీ అటు చివర నుంచి దిగుతాయి.

ఆ రోజు దుప్పటి షాపు వైపు ఎగురుతోంది.

ఆమె పళ్ల మధ్య నుంచి క్లిప్పు తీసి తాడుకు పెట్టింది. నా వైపు తిరిగింది.

“ఇదిగో... మా తమ్ముడు వస్తే మాత్రం నువ్వు —”

విమానం వచ్చింది.

ఆమె ఆగింది. నేనూ ఆగాను. దుప్పటి మా మధ్య ఆగలేదు, అదొక్కటే కొట్టుకుంది. చక్రాలు చాపుకుని, పొట్ట చూపించుకుంటూ, మా నీళ్ల ట్యాంకును తన్నిపోతుందా అన్నంత కిందికి వచ్చి... దాటింది. ఆమె మళ్లీ నోరు తెరిచింది.

అప్పుడే ట్యాంకు పొంగింది.

“అయ్యో, మోటారు,” అని కిందికి పరుగెత్తింది.

దుప్పట్లు పట్టుకుని నేను దిగేసరికి మోటారు ఆగి ఉంది. ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. చెయ్యి ఛాతీ మీద. మొహమంతా చెమట. నన్ను చూసి చెయ్యి ఊపింది, ఏం లేదులే అన్నట్టు. తర్వాత చెప్తాలే అన్నట్టు.

ఆసుపత్రి దాకా ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. ఆసుపత్రి నుంచి రాలేదు.

మా తమ్ముడు వస్తే మాత్రం నువ్వు.

నువ్వు — ఏం?

కోప్పడకు అనా? మొహమాటపడకు అనా? కూర్చోబెట్టి భోజనం పెట్టు అనా? గుమ్మం తొక్కనివ్వకు అనా? ఏదో ఇవ్వమందా, ఏదో చెప్పొద్దందా? స్టూలు మీద కూర్చుని తీగ చుడుతూ ఆ మాటకు రోజుకో తోక తగిలించాను. ఏదీ అతకలేదు. అన్నీ అతికాయి. అదే ఇబ్బంది.

దినాలయ్యాక వాడు ఇంక రాడులే అనుకున్నాను.

వాడు వచ్చాడు.

ఆదివారం. షాపు సగం షట్టరు దించి ఉంది. భుజాన నల్ల సంచీ, మెడలో కెమెరా. ఊరికి ఆ చివర ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు మా బామ్మర్ది. చదువుకున్నవాడు. నేను ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. వాడు ఎన్నడూ నన్ను చిన్నచూపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. ఎప్పుడు కలిసినా నవ్వేవాడు. ఆ నవ్వుకు ఏం చెయ్యాలో తెలియక నేను ఫ్యాను రెక్కలు తుడిచేవాణ్ణి.

“బావా,” అన్నాడు. “విమానాలు చూడ్డానికి మంచి చోటు ఎక్కడుందో చూపిస్తావా? నువ్వు ఈ ఏరియా వాడివి కదా.”

నాకు అర్థం కాలేదు.

“చూసి?”

“ఫొటో తీస్తా.”

“తీసి?”

“ఏముంది... చూస్తా.”

ఇన్నేళ్లుగా వీటి మొహం చూడకుండా ఎక్కడ బతకాలా అని వెతుకుతున్నవాణ్ణి నేను. గోడలకు బీటలు వాటివి. నిద్రలో ఉలికిపాటు వాటిది. ఆ కిటికీల్లో కూర్చున్నవాళ్లు ఒక్కరైనా కిందికి చూసి, పాపం ఎవరో ఉన్నట్టున్నారు అనుకుని ఉంటారా? అనుకోరు. నన్ను పట్టుకుని మంచి చోటు చూపించమంటాడు.

వాడు తలెత్తి మా మేడ వైపు చూశాడు. తాడు వైపు.

“పైకి వెళ్లొచ్చా?”

“తాళంచెవి పోయింది,” అన్నాను.

తాళంచెవి నా జేబులోనే ఉంది. తొడకు గుచ్చుకుంటూ.

ఎందుకు అబద్ధమాడాను? వస్తే మాత్రం నువ్వు... పైకి రానివ్వకు అని ఉంటే? రానివ్వు అని ఉంటే? ఏదన్నదో తేలకుండా తలుపు ఎలా తీయను? ఈ విమానాశ్రయం చుట్టూ మా మేడంత మంచి చోటు లేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు. విమానం పొట్ట చేతికందేంత దగ్గర, ఎండ వెనక నుంచి, అడ్డంగా ఒక్క చెట్టు లేదు, స్తంభం లేదు.

స్కూటరు తీశాను.

“ఎక్కు,” అన్నాను.

మొదట సరుకుల గిడ్డంగుల వెనక రోడ్డు. ముళ్ల కంచె. కంచెకు అవతల ఎండు గడ్డి, గడ్డికి అవతల రన్‌వే. అక్కడ వాడు నిలబడి కెమెరా ఎత్తాడో లేదో, ఈల వేసుకుంటూ సెక్యూరిటీ ఆయన వచ్చాడు.

“ఇక్కడ నిలబడకూడదు.”

“ఎందుకండీ?” అన్నాడు బామ్మర్ది.

“నిలబడకూడదు కాబట్టి. ఏం చూస్తున్నారసలు?”

“విమానం.”

ఆయన వెనక్కి తిరిగి విమానాన్ని ఒకసారి చూశాడు, కొత్తగా ఏమైనా వచ్చిందేమో అన్నట్టు.

“ఏముంది అందులో?”

నేను ఆయన పక్షమే. కానీ బామ్మర్ది ముందు ఒప్పుకోలేదు. “మీకేం తెలుస్తుందిలెండి,” అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. స్కూటరు మీద వెనక వాడు నవ్వుతున్నాడు, నడుముకు తెలుస్తోంది.

మేం కదిలేలోపు ఒకటి దిగింది. అది దాటిన కాసేపటికి కంచె అవతల గడ్డంతా నేలకు పడుకుంది. ఎవరో పెద్ద చేత్తో నిమిరినట్టు. మళ్లీ నెమ్మదిగా లేచింది.

గడ్డికి కోపం లేదు. నాకే.

మరో ఆదివారం ఫ్లైఓవరు వంపు. స్కూటరు ఆపడానికి చోటు లేదు. వెనక నుంచి బస్సు హారన్లు, ముందు నుంచి తిట్లు. వాడు నడుస్తూ తీశాడు. ఫొటోలో విమానం తోక, నా చెవి వచ్చాయి.

“చెవి బాగా వచ్చింది బావా.”

“ఇంటికి తీసుకెళ్లి గోడకు పెట్టుకో.”

“మా ఆవిడ ఊరుకోదు. ఇప్పటికే నా సవతికి రెక్కలున్నాయి అంటోంది. ఇప్పుడు చెవులు కూడానా అంటుంది.”

నవ్వాను. నవ్వాక కోపం వచ్చింది. ఆమె ఉన్నప్పుడు వీడితో ఇలా ఒక్కసారైనా నవ్వి ఉంటే ఆమె... అనుకోబోయి ఆపేశాను. ఆపడం మాకు అలవాటే కదా.

మరో ఆదివారం రాళ్లు తీసేసిన గొయ్యి. ఇప్పుడది చెరువంత. నీళ్లు కదలవు. ఒడ్డున కొంగలు. విమానం వచ్చింది, కొంగలు తలెత్తలేదు. వాటికి తెలుసు, ఇది వాటి సంగతి కాదని. ఎండ ఎదురుగా ఉంది. విమానం నల్లగా, కాలిన మోటారులా కనిపించింది. పైకి చూస్తే కళ్లు మండుతున్నాయి. వాడు కెమెరా కిందికి దించాడు. నీళ్లలో ఇంకో విమానం — తల్లకిందులుగా, చల్లగా, చప్పుడు లేకుండా.

వాడు నీళ్లలో దాన్ని తీశాడు.

పైనున్నదాన్ని వదిలేసి కిందదాన్ని తీయడమేమిటి? అడగలేదు. కొంగ ఒకటి కాలు మార్చుకుంది. విమానం ముక్కలై, మళ్లీ అతుక్కుంది.

ఫొటో తీసే ముందు వాడు తనలో తను గొణుక్కుంటాడు. మొదట మంత్రమనుకున్నాను. దగ్గరికెళ్లి విన్నాను. “గాలి పీల్చండి... బిగబట్టండి... వదలండి.” రోజంతా రోగులకు చెప్పే మాట. ఇప్పుడు విమానానికి చెబుతున్నాడు.

నేనూ బిగబట్టాను. ఎందుకో.

ఇలా ఎన్ని ఆదివారాలు... ఒక్కో చోటుకు ఒక్కో లోపం. ఇక్కడ ఎండ. అక్కడ స్తంభం. ఇక్కడ కుక్కలు. అక్కడ చెత్తకుప్ప మీద గద్దలు — ఏది గద్దో ఏది విమానమో తెలియదు దూరానికి. ఎక్కడైనా బాగుందనుకునేసరికి గాలి మారేది, విమానాలు అటు చివరికి పోయేవి. ఇద్దరం ఖాళీ ఆకాశం కింద నిలబడేవాళ్లం, బస్సు వెళ్లిపోయిన స్టాపులో నిలబడ్డట్టు.

చోటు దొరకనందుకు నాకు విసుగు.

చోటు దొరుకుతుందేమోనని నాకు భయం.

ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయి? ఒక మోటారు ఒక వైపే తిరుగుతుంది. రెండు వైపులా తిరగాలని చూస్తే కాలిపోతుంది. నేను కాలిన వాసన రావడం లేదు, అంతే.

చోటు దొరికితే వాడు ఫొటో తీసుకుంటాడు. తీసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ ఎందుకొస్తాడు? ఆమె ఉన్నప్పుడు నేను వాడికి బావను. ఆమె లేదు. ఇప్పుడు నేను ఎవర్ని? మా ఇద్దరి మధ్య దుప్పటి లేదు. దుప్పటి కొస పట్టుకున్నట్టు చేతులు మాత్రం ఉన్నాయి.

అందుకే ఇంకో చోటుందిరా అనేవాణ్ణి. ఇంకా అటు పక్క చూడలేదురా అనేవాణ్ణి. మేడ మాట ఎత్తేవాణ్ణి కాదు. వాడూ ఎత్తలేదు. వీధిలో స్కూటరు ఎక్కేటప్పుడు మాత్రం ఒకసారి పైకి చూసేవాడు. తాడు వైపు. అంతే.

ఒకరోజు మా వీధి మొదట్లో టీకొట్టు దగ్గర ఆగాం. టీకొట్టావిడ నన్ను పేరుతో పిలవదు.

“ఏం వైండింగూ, ఎవరీయన?”

“మా బామ్మర్ది. విమానాల ఫొటోలు తీస్తాడు.”

ఆవిడ వాణ్ణి పైనుంచి కిందికి చూసింది.

“చూస్తే బాగానే ఉన్నాడు.”

“చూడ్డానికే,” అన్నాను.

“నీ దగ్గర తిరిగితే ఎవరైనా అలాగే అవుతారులే. ఏం బాబూ, నీకు పంచదార తక్కువ వెయ్య —”

ఆవిడ ఆగింది. చెంచా గాల్లో. నేను ఆగాను. బల్ల మీద పేపరు చదివి వినిపిస్తున్న ముసలాయన ఆగాడు. పక్కన ఇద్దరు ఆటోవాళ్లు నవ్వు మధ్యలో ఆగారు, పళ్లు కనిపిస్తూ.

బామ్మర్ది ఒక్కడే మాట్లాడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏదో అంటున్నాడు, చేత్తో చూపిస్తున్నాడు. ఎవరూ వినడం లేదు, ఎవరూ వినలేరు. కాసేపటికి చుట్టూ చూశాడు. బొమ్మల మధ్య తానొక్కడే కదులుతున్నట్టు తెలిసింది. నోరు మూశాడు.

విమానం దాటింది.

“— మంటావా, మామూలుగానా?” అంది ఆవిడ.

ముసలాయన వార్త అందుకున్నాడు. ఆటోవాళ్లు మిగతా నవ్వు నవ్వేశారు.

వాడు ఇంకా ఆటోవాళ్ల వైపే చూస్తున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. చెప్పలేదు. టీ గ్లాసు వాడి చేతిలో పెట్టాను.

“మీ వీధిలో అందరూ ఇంతేనా బావా?”

“ఇంతే.”

“అక్క కూడానా?”

“అందరికంటే బాగా ఆగేది మీ అక్కే.”

వాడు టీ వైపు చూస్తూ ఉండిపోయాడు. మీగడ కట్టింది.

“నేను సిగ్నల్ పోయిందనుకునేవాణ్ణి,” అన్నాడు. “ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. హోరుమని చప్పుడు. హలో, హలో అని... పెట్టేసేవాణ్ణి. మీ ఏరియాలో టవరు సరిగా లేదనుకున్నాను.”

“మళ్లీ చేసేది కాదా?”

“చేసేది. డ్యూటీలో ఉంటే ఎత్తేవాణ్ణి కాదు.”

టీ తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నేను ఏదో అనాలి. ఏమనాలి? నాకూ ఒకటి ఉందిరా అనాలా? నీ దగ్గర ఎన్ని సగం మాటలున్నాయో గానీ, నా దగ్గర ఒకటే ఉంది, అది కూడా నీ గురించే అనాలా?

అనలేదు. స్కూటరు తీశాను.

ఆ రోజు నుంచి వాడు ఆగడం మొదలుపెట్టాడు. ఎక్కడున్నా. కంచె దగ్గర, గొయ్యి దగ్గర, ఎండలో. విమానం వస్తే మాట సగంలో ఆపేవాడు. దాటాక సరిగ్గా ఆ అక్షరం దగ్గరే అందుకోవాలని చూసేవాడు. మొదట్లో తప్పేవాడు, ఒక మాట వెనక్కి వెళ్లి మొదలుపెట్టేవాడు, కొత్తగా స్కూటరు నేర్చుకునేవాడిలా. తర్వాత తర్వాత కుదిరింది.

నాకు సంతోషంగా ఉందా, ఒళ్లు మండిందా? అది మా వీధి సొమ్ము. ఆమె సొమ్ము. వాడికెందుకు? మళ్లీ అనిపించేది — వాడికి కాకపోతే ఎవరికి?

ఏమో.

పోయిన ఆదివారం స్కూటరు ఎక్కలేదు. షాపు ముందు నిలబడి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

“చుట్టూ తిరిగేశాం బావా. ఇంక చోట్లు లేవు.”

“గిడ్డంగుల అవతల ఇంకో దారుంది.”

“మొన్న వెళ్లాం.”

“అటు నుంచి కాదు, ఇటు నుంచి.”

“ఇటు నుంచీ వెళ్లాం. కుక్క నీ ప్యాంటు పట్టుకుంది.”

అవును. పట్టుకుంది.

“పర్లేదులే,” అన్నాడు. “ఎన్నాళ్లని నిన్ను తిప్పుతాను. నీ పని పాడవుతోంది.” కెమెరా సంచీ భుజం మీదికి లాక్కున్నాడు. అలా లాక్కున్న తీరు చూస్తే తెలిసింది, ఇదే చివరి ఆదివారం. ఇంక ఎప్పుడో, ఎవరి ఇంట్లోనో, ఏదో పని మీద కలుస్తాం. బావా బాగున్నావా అంటాడు. నేను ఫ్యాను రెక్కలు తుడుస్తాను.

మా తమ్ముడు వస్తే మాత్రం నువ్వు.

వచ్చాడు. వెళ్లిపోతున్నాడు. నేను ఇంకా మాట మధ్యలోనే నిలబడి ఉన్నాను.

జేబులోంచి తాళంచెవి తీశాను.

వాడు దాన్ని చూశాడు. పోయిందన్నావుగా అనలేదు. ఎప్పుడు దొరికింది అనలేదు. వీధి దాటి నా వెనక మెట్లెక్కాడు.

తలుపు బిగుసుకుపోయింది. భుజంతో తోయాల్సి వచ్చింది. మేడ మీది వేడి గాలి మొహాన కొట్టింది, పావురాల ఎండు రెట్ట వాసనతో. ట్యాంకు కింద నాచు ఎండి పొట్టు లేచింది. తాడు ఉంది. దగ్గర నుంచి చూస్తే సన్నబడింది, పోగులు లేచాయి. క్లిప్పు ఉంది.

వాడు తాడు దగ్గరికి వెళ్లాడు. ముట్టుకోలేదు.

“అక్క పెట్టిందా?”

“ఊఁ.”

“తీయలేదేం?”

“ఏమో రా.”

వాడు తలూపాడు, అది సరైన జవాబే అన్నట్టు. పిట్టగోడకు ఆనుకుని కెమెరా తీశాడు. తల వెనక్కి వాల్చి చూశాడు. ఇక్కడ ఎండ వెనక నుంచి. అడ్డంగా చెట్టు లేదు. స్తంభం లేదు. ఇన్నాళ్లూ ఎండల్లో, కుక్కల్లో, ఈలల్లో వెతికింది ఇక్కడే ఉంది. వాడికి తెలిసిపోయింది. నాకు తెలుసనీ తెలిసిపోయింది. నా వైపు తిరిగి ఏదో అనబోయాడు. అనలేదు. నవ్వాడు, ఎప్పటి నవ్వే. ఈసారి తుడవడానికి నా చేతిలో ఫ్యాను రెక్క లేదు.

విమానం రాలేదు.

ఎదురుచూశాం. రాలేదు. తాడు చూశాను. క్లిప్పు ఇంటి వెనక వైపు వాలి ఉంది. గాలి అటు. దిగేవన్నీ ఆ చివర నుంచి దిగుతున్నాయి. లేచేవి లేచి, మా వీధి దాకా రాకుండానే పక్కకు తిరిగి, ఎక్కడో దూరంగా, ఆకాశం మీద గీతల్లా పోతున్నాయి.

చివరికి తలుపు తీస్తే ఇదీ సంగతి.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏదీ బయటికి రాలేదు.

ట్యాంకు నీడలో కూర్చున్నాం. వీధిలో మాటలు ఆగకుండా వినిపిస్తున్నాయి, పూర్తి మాటలు, మొదలూ చివరా ఉన్న మాటలు. వింటుంటే కొత్తగా ఉంది. ఎవరో ఎవరినో పిలిచి, పిలిచిన పని కూడా చెప్పేశారు.

“ఒకసారి అక్కకు ఎక్స్‌రే తీశాను,” అన్నాడు వాడు. “దగ్గు వస్తోందని మా ఆసుపత్రికి వచ్చింది, గుర్తుందా?”

“గుర్తుంది.”

“గాలి పీల్చు అక్కా అన్నాను. పీల్చింది. బిగబట్టు అన్నాను. బిగబట్టింది. వదులు అనడం మర్చిపోయాను. అలాగే నిలబడింది పిచ్చిది. మొహం ఎర్రగా చేసుకుని. నేను చెప్పేదాకా వదల్లేదు.” “ఫిల్ములో అంతా బాగానే ఉంది బావా. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది.”



ఎండ పిట్టగోడ దిగుతోంది. కొంగలు రెండు గొయ్యి వైపు నుంచి వెళ్లిపోతున్నాయి, రెక్కలు ఆడించీ ఆడించనట్టు. చెమట ఆరుతోంది.

చెమట ఆరుతోంది... గాలి మొహానికి తగులుతోంది. ఇందాక వీపుకు తగిలిన గాలి.

తాడు వైపు చూశాను. క్లిప్పు నిటారుగా ఉంది. కాసేపు ఎటూ కాకుండా ఆగింది. తర్వాత నెమ్మదిగా, ఎవరో పిలిస్తే తిరిగినట్టు, షాపు వైపు వాలింది.

వాడూ చూశాడు. లేచి నిలబడ్డాడు. కెమెరా చేతిలోకి తీసుకున్నాడు.

నేనూ లేచాను. ఆమె నిలబడ్డ చోట వాడు. నేను నిలబడ్డ చోట నేను. మధ్య దుప్పటి లేదు. ఇప్పుడు చెప్పకపోతే విమానం వస్తుంది. వాడు ఫొటో తీసుకుంటాడు. మెట్లు దిగుతాడు.

“ఒరేయ్,” అన్నాను. “మీ అక్క ఆ రోజు ఇక్కడే... నీ గురించి ఒక మాట అంది.”

కెమెరా కిందికి దిగింది.

“ఏమంది?”

“మా తమ్ముడు వస్తే మాత్రం నువ్వు...”

ఆగాను.

నా దగ్గర ఉన్నది అంతే. ఇంకొక్క మాట కూడా లేదు.

తాడు వణికింది.

ట్యాంకు మూత వణికింది. పిట్టగోడ మీద ఇసుక వణికింది. నా పళ్లు. షాపుల వెనక నుంచి అది పైకి లేచి వచ్చింది — తెల్లగా, పెద్దగా, చక్రాలు చాపుకుని, పొట్ట చూపించుకుంటూ, సరిగ్గా వాడు ఇన్నాళ్లూ వెతికిన ఆ ఎత్తులో, ఆ వెలుగులో.

వాడు తలెత్తలేదు.

కెమెరా మెడలో వేలాడుతోంది. చేతులు రెండూ పక్కన. ఊపిరి బిగబట్టి నా నోటి వైపే చూస్తున్నాడు. విమానం కోసం ఆగాననుకున్నాడు. దాటగానే అదే అక్షరం దగ్గర అందుకుంటాననుకున్నాడు. మా వీధి పద్ధతి కదా. వాడికి బాగా వచ్చేసింది.

నీడ మా మీంచి పోయింది.

చప్పుడు ఇళ్ల వెనక్కి పోయింది. గోడ అవతల గడ్డి పడుకుని ఉంటుంది, లేస్తూ ఉంటుంది. కింద వీధిలో అందరూ ఆగిన మాటలు అందుకున్నారు. ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు.

వాడు ఇంకా ఊపిరి వదల్లేదు.

నేను నోరు తెరిచాను.

మా ఇద్దరి మధ్య తాడు... తాడు మీద నీలం క్లిప్పు... విమానం పోయినా, గాలి కూడా ఆగినా, ఇంకా వణుకుతూనే —